మై హౌస్: అది ఎవరి ఇల్లు?

(స్త్రీలకు సాయంత్రం పూట ఇంగ్లీషు తరగతులు నడిపే కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు, గదులు, ఇంటిపనుల గురించి ఇంగ్లీషులో చెప్పడం నేర్పే పాఠం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. వినడానికి ఇది చిన్న విషయం. హక్కుల గురించి మాట్లాడుకునే చోట కిచెన్, బెడ్‌రూమ్, బాత్‌రూమ్ అని మాటలు వల్లె వేయించే పాఠం ఎందుకని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. నేను చాలా ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక మా బస్తీలో ఇళ్లలో పనిచేసే స్త్రీలకు, టైలరింగు చేసుకునేవాళ్లకు, పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేసిన తల్లులకు సాయంత్రాలు చెబుతున్నాను. ఆ అనుభవంతో ఒక మాట చెప్పదలచుకున్నాను. స్త్రీలకు ఇంగ్లీషు నేర్పేటప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చెప్పవలసిన పాఠం ఇదే. ఎందుకంటే ఇందులో మనం మాటలు మాత్రమే నేర్పడం లేదు. ఇల్లంటే ఎలా ఉండాలో, అందులో ఎవరు ఎక్కడ ఉండాలో, ఏది పనో ఏది పని కాదో కూడా తెలియకుండానే నేర్పేస్తున్నాం.

పాఠంలోని ఇల్లు

ముందు పాఠంలోని ఇంటిని ఒకసారి చూద్దాం. నేను చేతపట్టిన వాచకాల్లో దాదాపు అన్నింట్లోనూ ఇల్లు ఒకటే. ఎర్ర పెంకుల కప్పు, ముందు పూలతోట, లోపల డ్రాయింగ్ రూమ్, డైనింగ్ రూమ్, రెండు మూడు పడకగదులు. డ్రాయింగ్ రూములో కుర్చీలో కూర్చుని నాన్న పేపరు చదువుతుంటాడు. కిచెన్లో అమ్మ నవ్వుతూ నిలబడి ఉంటుంది. కొడుకు బంతి పట్టుకుని తోటలో ఉంటాడు, కూతురు అమ్మ పక్కన ఉంటుంది. బొమ్మ కింద ప్రశ్నలు. 'వేర్ ఈజ్ మదర్?' జవాబు, 'మదర్ ఈజ్ ఇన్ ది కిచెన్'. 'వాట్ ఈజ్ ఫాదర్ డూయింగ్?' జవాబు, 'ఫాదర్ ఈజ్ రీడింగ్ ది న్యూస్‌పేపర్'. పిల్లలు ఈ వాక్యాలను ఎన్నిసార్లు రాస్తారో లెక్కలేదు. వ్యాకరణం కోసమని రాస్తారు. వర్తమాన కాలం వస్తుంది, దాంతోపాటు ఎవరి చోటు ఏదో కూడా వస్తుంది. ఈమధ్య వాచకాలలో నాన్న చేతికి గరిటె ఇచ్చిన బొమ్మలు కూడా వస్తున్నాయి. సంతోషమే. కానీ ఇల్లు మాత్రం అదే ఇల్లు, గదులు అవే గదులు.

ఆ తర్వాత ఇంకో పేజీ ఉంటుంది, వింత ఇళ్ల పేజీ. మంచు ప్రాంతంలో మంచు దిమ్మలతో కట్టిన ఇగ్లూ, కాశ్మీరులో నీటి మీద తేలే పడవ ఇల్లు, చెట్టు మీద ఇల్లు, చక్రాల మీద తిరిగే కారవాన్. పిల్లలు ఈ పేజీని బాగా ఇష్టపడతారు. ఇష్టపడనివ్వండి. కానీ ఒక సాయంత్రం మా తరగతిలో ఒకామె ఈ పేజీ చూసి, "ఇవి వింతేమిటి మేడమ్, అసలు వింత ముందు పేజీలో ఉంది. నలుగురికి ఆరు గదులు!" అంది. అందరూ నవ్వారు. ఆమె మాట సరైనదే. ఏది మామూలు ఇల్లు, ఏది వింత ఇల్లు అనేది చూసేవాళ్లు ఎక్కడ నిలబడ్డారన్న దాన్నిబట్టి ఉంటుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 100 కుటుంబాల్లో 37 కుటుంబాలకు ఉన్నది ఒక్క గది. దాదాపు మరో 4 కుటుంబాలకు తమదంటూ ఆ ఒక్క గది కూడా లేదు. అంటే అయిదు కుటుంబాల్లో రెండు ఇళ్లకు 'మై హౌస్ హ్యాజ్ ఫైవ్ రూమ్స్' అన్న వాక్యంతో ఏమీ సంబంధం లేదు. అయినా ఆ ఇళ్ల పిల్లలు కూడా పరీక్షలో అయిదు గదుల ఇల్లే రాస్తారు. రాయకపోతే మార్కులు రావని వాళ్ల భయం. మొట్టమొదటి ఇంగ్లీషు వ్యాసంలోనే తన ఇంటిని దాచిపెట్టి ఎవరి ఇంటి గురించో రాయడం అమ్మాయి నేర్చుకుంటుంది. సిగ్గుపడడం నేర్చుకుంటుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇది.

మన తరగతిలోని ఇళ్లు

తరగతిలో ముందు ఇగ్లూ గురించి చెప్పకండి. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎక్కడినుంచి వచ్చారో అడగండి. మా తరగతిలో అడిగితే ఎన్ని రకాల ఇళ్లు బయటపడ్డాయో చెబుతాను.

ఒకామె శ్రీకాకుళం తీరం నుంచి వచ్చింది. ఆమె పుట్టింది చుట్టింట్లో. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గొడుగులాగా నేలదాకా వాలిన తాటాకు కప్పు. లోపలికి వంగి వెళ్లాలి. సముద్రపు గాలివానకు ఆ ఇంట్లో కొట్టడానికి మూల దొరకదు, గాలి గోడచుట్టూ జారిపోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో తరతరాలుగా బెస్తవాళ్లు, రైతులు కట్టుకున్న ఇళ్లవి. ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. ఆమె దాన్ని 'రౌండ్ హౌస్, మడ్ వాల్, పామ్ లీఫ్ రూఫ్' అని చెప్పగలిగినరోజు ఆమె ముఖం చూడాలి. అంతకుముందు ఆమె తన ఇంటిని 'గుడిసె' అని తల దించుకుని చెప్పేది.

ఇంకొకామె ఒక అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య. వాళ్ల ఇల్లు మెట్ల కింద. కప్పు ఒకవైపు నిలబడేంత ఎత్తు, రెండోవైపు కూర్చునేంత ఎత్తు. పక్కనే నీళ్ల మోటారు. జీతం భర్తకు మాత్రమే ఇస్తారు. కారిడార్లు తుడవడం, చెత్త ఎత్తడం, నాలుగో అంతస్తులో ముసలమ్మగారికి మందులు తెచ్చిపెట్టడం మాత్రం ఇద్దరిదీ. మరొకామె చిన్నతనం ఇటుక బట్టీల దగ్గర గడిచింది. తాము చేసిన ఇటుకల్నే సిమెంటు లేకుండా పేర్చి, పైన రేకో టార్పాలినో కప్పి, లోపలికి పాక్కుంటూ వెళ్లే గూళ్లు అవి. పశ్చిమ ఒడిశా నుంచి తెలంగాణ బట్టీలకు వచ్చే కుటుంబాలు ఈనాటికీ ఇలాంటి గూళ్లలో ఉంటున్నాయి. లక్షల ఇళ్లకు ఇటుకలు చేసిన చేతులవి. పాలమూరు నుంచి కట్టడాల పనికి వెళ్లినవాళ్ల పిల్లలకు ఇల్లంటే ప్రతి ఆర్నెల్లకు మారే టార్పాలిన్ డేరా. చక్రాల మీద తిరిగే ఇల్లు వింత అయినప్పుడు, తలమీద పెట్టుకుని మోసుకుపోయే ఇల్లు వింత కాదా?

తరగతిలో ఈ ఇళ్లన్నీ నల్లబల్ల మీదికి రావాలి. ఎవరి ఇంటికి ఏ పేరుందో ముందు తెలుగులో రాయించండి. అరుగు, పంచ, వసారా, మండువా, నట్టిల్లు, అటక, దొడ్డి, పెరడు. వీటిలో చాలావాటికి ఇంగ్లీషులో సరిపోయే ఒక్క మాట లేదు. ఫరవాలేదు. లేనప్పుడు వర్ణించి చెప్పడమే భాష నేర్చుకోవడం. అరుగు అంటే ఏమిటో ఇంగ్లీషువాళ్లకు అర్థమయ్యేలా రెండు వాక్యాల్లో చెప్పగలిగిన మనిషి ఇంటర్వ్యూలో కూడా జంకదు.

వంటిల్లు గది కాదట

గదుల సంగతికి వస్తాను. జనాభా లెక్కలవాళ్లు గదిని లెక్కపెట్టడానికి ఒక కొలత పెట్టుకున్నారు. గోడలు, గుమ్మం, కప్పు ఉండాలి. పొడవు 2 మీటర్లకు, వెడల్పు 1.5 మీటర్లకు, ఎత్తు 2 మీటర్లకు తగ్గకూడదు. ఒక మనిషి పడుకోవడానికి చాలాలి. స్నానాలగది, సామాన్లగది, నడవాలాగే వంటగది కూడా, మామూలుగా అక్కడ ఎవరూ నివసించే వీలు లేకపోతే, లెక్కకు గది కాదు. అదే లెక్కల్లో కుటుంబం అంటే ఎవరో కూడా రాశారు. మామూలుగా కలిసి ఉంటూ, ఒకే వంట తినేవాళ్లు ఒక కుటుంబం. ఈ రెండు నిర్వచనాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కుటుంబాన్ని కుటుంబంగా నిలబెట్టేది ఆ వంటిల్లే. గదుల లెక్కలో లేనిదీ ఆ వంటిల్లే! రోజులో ఎక్కువ గంటలు ఆడవాళ్లు నిలబడేది కూడా అక్కడే. ఎవరో కావాలని చేసిన కుట్ర అని నేననను. పడుకునే చోటును లెక్కపెట్టాలనుకున్నారు, లెక్కపెట్టారు. కానీ పనిచేసే చోటు గురించి ఎవరికీ ఆలోచన రాలేదు.

మన తెలుగులో దాన్ని వంటగది అనడానికి ముందు వంటిల్లు అన్నాం. అదొక ఇల్లే. విమల 'వంటిల్లు' కవిత వచ్చాక మన తరంలో చాలామందిమి ఆ మాటను మామూలుగా పలకలేకపోయాం. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ఈ రెండు రచనలనూ మన తరగతుల్లో తెలుగులోనే చదివించండి. చదివాక 'దిస్ ఈజ్ మై కిచెన్' అన్న వాక్యాన్ని రాయమనండి. అప్పుడు వాళ్లు రాసే మూడో వాక్యం, నాలుగో వాక్యం వాచకంలో ఉండవు.

కొత్త అపార్టుమెంట్ల ప్లానులు కూడా పాఠంగా చెప్పవచ్చు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు అవి రోజూ కనిపించే ఇంగ్లీషు. పెద్ద పడకగదికి 'మాస్టర్ బెడ్‌రూమ్' అని రాసి ఉంటుంది. మాస్టర్ ఎవరు? అమెరికాలో హ్యూస్టన్ నగరపు ఇళ్ల అమ్మకందార్ల సంఘం 2020లో తమ జాబితాల్లో ఆ మాట తీసేసి 'ప్రైమరీ' అని పెట్టుకుంది. మన ప్లానుల్లో వంటగది వెనక ఇంకో చిన్న గడి ఉంటుంది, 'సర్వెంట్ రూమ్' అని. దానికి కిటికీ ఉందో లేదో చూడమనండి. వీధిలో వేలాడే టులెట్ బోర్డులు కూడా ఇంగ్లీషు పాఠాలే. 'ఫ్యామిలీస్ ఓన్లీ', 'వెజిటేరియన్స్ ఓన్లీ'. ఆ 'ఓన్లీ' అన్న ఒక్క మాట ఒంటరి స్త్రీని, దళితుల్ని, ముస్లిముల్ని గుమ్మం దగ్గరే ఎలా ఆపుతుందో మన తరగతిలోని వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. అనుభవించినవాళ్లే చెబుతారు.

'మై' అన్న మాట

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. వ్యాసం పేరు 'మై హౌస్'. పోయిన సంవత్సరం చేరిన ఒక అమ్మాయి కాగితం ఖాళీగా పెట్టుకుని కూర్చుంది. "ఏమ్మా, మాటలు తెలియడం లేదా?" అన్నాను. "మాటలు తెలుసు మేడమ్. ఏ ఇల్లు రాయాలి? పుట్టిల్లా, అత్తగారిల్లా?" అంది. పుట్టింటికి వెళితే "మీ ఇంటికి ఎప్పుడు వెళతావు?" అంటారు. అత్తింట్లో మాట తేడా వస్తే "మీ ఇంటికి పో" అంటారు. 'మై' అన్న రెండక్షరాల మాటకు ఆమె దగ్గర సమాధానం లేదు. పుట్టిల్లు, మెట్టినిల్లు అన్న మాటలకు ఇంగ్లీషులో ఒక్కొక్క మాట దొరకదు. దొరకకపోయినా ఆ ప్రశ్నకు జవాబు ఉంది. అది చట్టంలో ఉంది. చాలాకాలం చట్టం కూడా ఆ అమ్మాయి లాగే తడబడింది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షను ఉండేది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయి, కుటుంబం ఆ ఇంట్లోనే ఉంటుంటే, ఇంట్లో వాటా పంచమని కూతురు అడగడానికి వీల్లేదు. అన్నదమ్ములు పంచుకోవాలనుకున్నప్పుడే ఆమెకూ వాటా. అందాకా ఆ ఇంట్లో ఉండే హక్కయినా పెళ్లికాని కూతురికి, భర్త వదిలేసిన లేదా భర్తతో విడిపోయిన కూతురికి, వితంతువైన కూతురికి మాత్రమే ఉండేది. అంటే జీవితం చెడిపోయిందని రుజువు చూపిస్తేనే పుట్టింటి గుమ్మం తెరుచుకునేది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ మన ఆంధ్రప్రదేశ్ 1985లో చట్టం సవరించింది. ఆ సవరణ అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లకు సమాన హక్కు వచ్చింది. ఆ 23వ సెక్షను కూడా ఆ సవరణతోనే పోయింది.

అత్తింటి సంగతి. 2005లో చేసిన గృహహింస నుంచి స్త్రీల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. అందులో ఒక ఇంగ్లీషు మాట ఉంది, 'షేర్డ్ హౌస్‌హోల్డ్'. కలిసి ఉన్న ఇల్లు. 17వ సెక్షను ప్రకారం ఆ ఇల్లు ఆమె పేరున లేకపోయినా, అందులో ఆమెకు ఏ వాటా లేకపోయినా, అక్కడ ఉండే హక్కు ఆమెకు ఉంది. చట్టప్రకారం తప్ప బయటికి పంపడానికి వీల్లేదు. 19వ సెక్షను కింద అవసరమైతే హింసించినవాణ్ణే ఇల్లు వదిలి వెళ్లమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. చట్టం వచ్చిన కొద్దిరోజులకే, 2006 డిసెంబరులో, అత్తమామల పేరున ఉన్న ఇల్లు 'షేర్డ్ హౌస్‌హోల్డ్' కిందికి రాదని సుప్రీంకోర్టు బాత్రా కేసులో చెప్పింది. కొడుకు పేరున ఇల్లు ఉంచే కుటుంబాలు మనలో ఎన్ని? ఆ ఒక్క మాటకు చెప్పిన అర్థంతో ఎందరో స్త్రీలు వీధిలో పడ్డారు. 2020 అక్టోబరు 15న సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు పాత తీర్పును కొట్టేసింది. ఇల్లు మామగారిదైనా, ఆమె అక్కడ కాపురం చేసి ఉంటే అది షేర్డ్ హౌస్‌హోల్డే కావచ్చునంది. అయితే ఇది ఇంటి మీద యాజమాన్యం కాదు, ఉండే హక్కు. అత్తమామల హక్కులను కూడా కోర్టు చూస్తుంది. ఈ తేడా మన తరగతుల్లో స్పష్టంగా చెప్పాలి.

ఒక మాటకు చెప్పే అర్థాన్నిబట్టి ఒక స్త్రీ ఇంట్లో ఉంటుందా, బయట ఉంటుందా అనేది పద్నాలుగేళ్లపాటు తేలింది. అలాంటప్పుడు 'హౌస్', 'హోమ్', 'హౌస్‌హోల్డ్' తేడాలు నేర్పడం వ్యాకరణం కోసం మాత్రమే ఎలా అవుతుంది? 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల స్థలాల పట్టాలు స్త్రీల పేరుతో ఇచ్చారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇళ్లు కూడా స్త్రీ పేరున గానీ ఉమ్మడిగా గానీ ఉండాలన్నారు. మంచిదే. కానీ తన పేరున ఉన్న కాగితం తను చదువుకోలేకపోతే, అది ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది, లేదా వడ్డీవ్యాపారి దగ్గర ఉంటుంది. పట్టా తెచ్చుకుని తరగతిలో చదవమనండి. 'ఓనర్', 'జాయింట్', 'నామినీ' - ఈ మూడు మాటల తేడా తెలిసిన రోజున 'మై హౌస్' వ్యాసం రాయడం వచ్చినట్లు.

పని, సాయం

ఇక ఇంటిపనులు. వాచకంలో పనుల పట్టిక ఉంటుంది. ఇల్లు ఊడ్చడం, బట్టలు ఉతకడం, గిన్నెలు కడగడం, మొక్కలకు నీళ్లు పోయడం. మన తరగతిలో స్త్రీలను పొద్దున లేచినప్పటినుంచి చేసిన పనులు చెప్పమంటే పట్టిక సరిపోదు. వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గు పెట్టడం, కుళాయి దగ్గర వరుసలో నిలబడడం, బియ్యంలో రాళ్లు ఏరడం, పిండి రుబ్బడం, పాలవాడికి లెక్క చూడడం, అత్తగారి షుగరు మాత్ర గుర్తుంచుకోవడం, పిల్లవాడి ఫీజుకు గడువు అడగడం, మామగారి మంచం దులపడం. చివరి నాలుగింటికి వాచకంలో బొమ్మ ఉండదు. బొమ్మ గీయడానికి వీల్లేని పనులు అవి. కానీ మనిషిని తినేసేవి అవే.

ఈ పాఠంలో రెండు క్రియలను గట్టిగా పట్టుకోండి. ఒకటి 'హెల్ప్'. 'మై హస్బెండ్ హెల్ప్స్ మి ఇన్ ది కిచెన్' అని రాస్తారు. తెలుగులో కూడా "మా ఆయన చాలా మంచివారు, నాకు సాయం చేస్తారు" అంటాం. సాయం ఎవరి పనికి చేస్తాం? అవతలివాళ్ల పనికి. తను తిన్న కంచం తను కడుక్కోవడం సాయం ఎలా అవుతుంది? ఆ వాక్యాన్ని మార్చి రాయమనండి. 'హి కుక్స్. ఐ కుక్.' రెండు చిన్న వాక్యాలు. ఇంగ్లీషు వ్యాకరణం సులభంగానే ఒప్పుకుంటుంది. ఇంట్లో ఒప్పుకోవడమే కష్టం.

రెండోది 'వర్క్'. 'వాట్ డు యు డు?' అన్న ప్రశ్నకు మన ఆడవాళ్లు చెప్పే జవాబు, 'ఐ డోంట్ వర్క్. ఐ యామ్ ఎ హౌస్‌వైఫ్.' పద్దెనిమిది గంటలు మెలకువగా ఉన్న మనిషి పని చేయనని చెప్పుకుంటుంది. ఇది ఆమె తప్పు కాదు. ప్రభుత్వమే అలా రాసుకుంది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే సుమారు 36 కోట్ల స్త్రీలను బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలతోపాటు ఆర్థికంగా ఉత్పాదక పని చేయనివాళ్లుగా చూపడాన్ని 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసు తీర్పులో జస్టిస్ ఎ.కె. గంగూలీ తప్పుపట్టారు. తర్వాత ప్రభుత్వమే కాలాన్ని కొలిచింది. 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారని తేలింది. ఇంటిపని చేసే పురుషులు 97 నిమిషాలు. అసలు ఆ పని చేసినవాళ్లే స్త్రీలలో 100కి 81 మంది, పురుషులలో 26 మంది. 2024లో మళ్లీ కొలిస్తే స్త్రీలు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు. అయిదేళ్లలో ఆడవాళ్లకు తగ్గింది పది నిమిషాలు. మగవాళ్లకు కూడా సుమారు అంతే తగ్గింది!

2021 జనవరిలో కీర్తి కేసులో సుప్రీంకోర్టు ఈ 2019 లెక్కలనే చూసింది. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పిల్లలకు నష్టపరిహారం ఎంత అన్నది ప్రశ్న. మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో, ఇంటిపని చేసే స్త్రీకి ఆదాయం ఉన్నట్లుగా లెక్కకట్టడమంటే ఆమె శ్రమను, త్యాగాన్ని గుర్తించడమేనని అన్నారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు వెలువరించిన చేతిపుస్తకం 'హౌస్‌వైఫ్' బదులు 'హోమ్‌మేకర్' అని వాడమంది. మాట మారడం మంచిదే. కానీ గుర్తుంచుకోండి, ఈ తీర్పుల్లో చాలావరకు ఆమె పనికి ధర కట్టింది ఆమె చనిపోయాక. బతికుండగా కట్టించుకోవాలంటే ముందు ఆమె నోటివెంట 'ఐ వర్క్ ఎట్ హోమ్' అన్న వాక్యం రావాలి.

ఎదుటివాళ్ల ఇంట్లో

మన తరగతులకు వచ్చేవాళ్లలో సగంమందికి ఇల్లంటే రెండు. ఒకటి తనది, ఒకటి తాను పనిచేసేది. వాళ్లకు ఇంగ్లీషు ఎందుకు కావాలి? 'స్వీప్ ది ఫ్లోర్' అంటే అర్థం చేసుకోవడానికి మాత్రమేనా? అలాగైతే మనం నడుపుతున్నది హక్కుల తరగతి కాదు, పనిమనుషుల్ని తయారుచేసే కేంద్రం. ఆజ్ఞలు అర్థం చేసుకునే ఇంగ్లీషు వాళ్లకు మనం చెప్పకపోయినా వారం రోజుల్లో వస్తుంది. అడిగే ఇంగ్లీషు మనమే నేర్పాలి.

ఉమ్మడి కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు కువైట్ లాంటి దేశాలకు ఇంటిపనికి వెళుతున్నారు. అక్కడ వాళ్లను కద్దామా అంటారు. వెళ్లేముందు ఇంగ్లీషు నాలుగు మాటలు నేర్చుకుందామని మా దగ్గరికి కొందరు వస్తారు. వాళ్లకు నేను వస్తువుల పేర్లకంటే ముందు ప్రశ్నలు నేర్పుతాను. నేను ఎక్కడ పడుకోవాలి? ఆ గదికి లోపలి గడియ ఉందా? నా సెలవు ఏ రోజు? జీతం ఏ తారీకున? నా పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లతో రోజుకు 12 గంటలకు మించి పనిచేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 189వ ఒప్పందం ఇంకా ముందుకు వెళ్లింది. యజమాని ఇంట్లో ఉండే పనివాళ్లకు వారి ఆంతరంగికతను గౌరవించే మంచి వసతి ఉండాలంది. వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలంది. పాస్‌పోర్టు, గుర్తింపు కాగితాలు పనివాళ్ల దగ్గరే ఉండే హక్కు ఉందంది. ఆ ఒప్పందాన్ని మన దేశం ఇంతవరకు ధ్రువీకరించలేదు. కువైట్‌ను ఆడిపోసుకునేముందు మన మెట్ల కింద గదుల్ని, మన 'సర్వెంట్ రూము'ల్ని చూసుకోవాలి.

ఏం చేద్దాం?

రేపటినుంచి తరగతులకు వెళ్లే మీకు నాలుగు పనులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, వాచకంలోని ఇంటిబొమ్మ చూపే ముందు ఎవరి ఇల్లు వాళ్లచేత గీయించండి. ఇంట్లో తాను ఎక్కడ పడుకుంటుందో, ఎక్కడ కూర్చుని తింటుందో, తన చీరలు, తన కాగితాలు ఎక్కడ ఉంటాయో గుర్తు పెట్టమనండి. 'వేర్ ఈజ్ యువర్ ప్లేస్?' ఈ ప్రశ్నకు మా తరగతిలో చాలామంది పొయ్యి దగ్గర గుర్తు పెట్టారు, కొందరు ఎక్కడా పెట్టలేదు. వర్జీనియా వుల్ఫ్ 1929లోనే రాయాలనుకునే స్త్రీకి సొంత గది, కొంత డబ్బు కావాలంది. మనవాళ్లకు గది తర్వాత సంగతి, తాళం వేసుకునే ఒక పెట్టె అయినా ఉందా అని అడగండి.

రెండోది, ఒక రోజు చేసిన పనులన్నీ గంటలతో సహా రాయించండి, ఇంట్లో మగవాళ్లవి కూడా. వర్తమాన కాలం దానంతట అదే వస్తుంది. కూడిక కూడా వస్తుంది.

మూడోది, తప్పులు దిద్దేటప్పుడు భాషను దిద్దండి, ఇంటిని దిద్దకండి. 'మై హౌస్ హ్యావ్ వన్ రూమ్' అని రాస్తే 'హ్యావ్'ను 'హ్యాజ్' చేయండి. 'వన్'ను అలాగే ఉంచండి.

నాలుగోది, ప్రతి తరగతిలోనూ ఒక్క నిజమైన కాగితం చదివించండి. కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం, పట్టా, రేషన్ కార్డు, ఏజెంటు ఇచ్చిన కాంట్రాక్టు. పేరు ఎవరిదో వెతకమనండి.

ఇవన్నీ చేస్తే ఇంగ్లీషు ఆలస్యంగా వస్తుందేమోనని కొందరు అనవచ్చు. నా అనుభవంలో అలా జరగలేదు. తన గురించి చెప్పుకోవలసిన మాట ఉన్నప్పుడే మనిషి భాష కోసం తడుముకుంటుంది, పట్టుకుంటుంది. ఎవరిదో డ్రాయింగ్ రూమును వర్ణించమంటే ఎన్నేళ్లకూ రాని వాక్యం, తన మెట్ల కింద గదికి కిటికీ ఎందుకు లేదో అడగాలనుకున్నప్పుడు వారంలో వస్తుంది. మా వాచ్‌మన్ భార్య అపార్టుమెంటు సంఘానికి తానే ఒక అర్జీ రాసింది. అయిదు వాక్యాలు. తన పనికి వేరే జీతం కావాలని రెండు, గదికి కిటికీ కావాలని మూడు. కిటికీ పెట్టారు. జీతం గురించి ఇంకా మాట్లాడుతున్నారు. ఆమె కూడా ఇంకా రాస్తోంది.

ఆ రెండో అర్జీ రాయడానికి ఆమె పక్కన కూర్చునేవాళ్లు కావాలి. మీరంతా అందుకే ఇక్కడికి వచ్చారని నేననుకుంటున్నాను.